కొడంపులి: అడవి చెట్టు నుంచి వంటింటి జాడీ దాకా

పడమటి కనుమల తడి అడవుల్లో, ఏడాది పొడవునా ఆకు రాల్చకుండా ముదురాకుపచ్చగా నిలిచి ఉండే చెట్టు ఒకటుంది. దాని కాయ తొక్కను ఎండబెట్టి, పొగబెట్టి, బొగ్గులా నల్లబడ్డాక కేరళవారు చేపల పులుసులో వేసుకుంటారు. మలయాళంలో దీనిని కొడంపులి అనీ, కన్నడంలో ఉప్పగె అనీ, శ్రీలంకలో గొరక అనీ పిలుస్తారు. శాస్త్రీయ నామం గార్సీనియా గమ్మి-గట్టా. పాత గ్రంథాల్లోనూ మందుల సీసాల మీదా కనిపించే గార్సీనియా కంబోజియా కూడా ఇదే. దీనిని మలబారు చింత అనడమూ కద్దు కానీ, పులుపు ఒక్కటి తప్ప చింతచెట్టుతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. స్పైసెస్ బోర్డు చట్టం, 1986 షెడ్యూలులో ఉన్న 52 సుగంధ ద్రవ్యాల్లో ఇది ఒకటి.

పేరు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తమిళంలో కొడుక్కాపులి అంటే మనం సీమచింత అనే ముళ్లచెట్టు. మెలికలు తిరిగిన కాయల్లో తెల్లని తియ్యని గుజ్జు ఉండేది అది. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల మొక్కల అమ్మకందారులు సైతం ఈ రెండింటినీ తారుమారు చేస్తుంటారు. కాబట్టి మొక్క కొనేటప్పుడు శాస్త్రీయ నామం చెప్పి అడగడమే క్షేమం.

చెట్టును గుర్తించడం, కాయలు ఏరడం, ఆరబెట్టడం, నిల్వ చేయడం, వండడం, చివరకు మొక్కను పెంచడం అనే క్రమంలో ఈ మార్గదర్శి సాగుతుంది. వీటిలో దాదాపు ప్రతి దశ మంచిచెడ్డలూ ఒకే విషయం మీద ఆధారపడి ఉన్నాయని ముందే చెప్పాలి. అది కాయ పండి తనంతట తాను రాలేదాకా ఆగడం.

మొదటి దశ: చెట్టును గుర్తించడం

కొడంపులి తీరానికి దగ్గరి పల్లపు నేలల నుంచి సుమారు 1,800 మీటర్ల ఎత్తు వరకు పెరుగుతుంది. సాధారణంగా 10 నుంచి 20 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కొమ్మలు అడ్డంగా సాగి చివర్లు కొంచెం కిందికి వాలి ఉండటం వల్ల చెట్టు తల గుండ్రంగా, దట్టంగా కనిపిస్తుంది. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. మందంగా, నున్నగా, పైభాగం నిగనిగలాడుతూ ఉంటాయి. ఆకు తొడిమ తుంచినా, బెరడు మీద గాటు పెట్టినా పసుపుపచ్చని జిగురు ఊరుతుంది. గమ్మి-గట్టా అనే పేరు ఈ జిగురును బట్టి వచ్చిందే. అయితే జిగురు ఒక్కదానినే ఆనవాలుగా నమ్మకూడదు, ఎందుకంటే ఈ ప్రజాతిలోని చాలా చెట్లకు అది ఉంటుంది.

అసలైన ఆనవాలు కాయ. గుమ్మడికాయను పిడికిట్లో పట్టేంత చిన్నది చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తొడిమ నుంచి కిందివరకు ఆరు నుంచి ఎనిమిది లోతైన చాళ్లు నిలువుగా దిగి ఉంటాయి. పచ్చికాయ ఆకుపచ్చగా ఉండి, పండాక పసుపు రంగుకు, కొన్ని చెట్లలో కొంత ఎరుపు కలిసిన రంగుకు తిరుగుతుంది. ఇదే అడవుల్లో దీని దగ్గరి బంధువు కోకం కూడా పెరుగుతుంది. కొంకణ తీరంలో సోల్‌కడీ అనే పుల్లని పానీయానికి వాడేది దానినే. కోకం కాయ గుండ్రంగా, చాళ్లు లేకుండా, పండినప్పుడు ముదురు ఎరుపు లేదా ఊదా రంగులో ఉంటుంది. చాళ్లు లేని కాయ కొడంపులి కాదు. చాళ్లున్నంత మాత్రాన ముక్కూమొహం తెలియని అడవికాయను నోట పెట్టుకోవడమూ తగదు. మొదటిసారి వెళ్లేవారు ఆ అడవిని ఎరిగిన స్థానికులను వెంటబెట్టుకుని వెళ్లాలి.

ఈ చెట్లలో ఆడ, మగ వేరువేరుగా ఉంటాయి. కొన్ని చెట్లకు ద్విలింగ పుష్పాలూ పూస్తాయి. అందువల్ల ఎంత ఏపుగా ఉన్నా ఏనాడూ కాయని చెట్టు కనిపిస్తే అది గొడ్డుచెట్టు అనుకోకూడదు. చుట్టుపక్కల ఆడచెట్లు కాయాలంటే ఆ మగచెట్టు అక్కడ ఉండి తీరాలి.

రెండో దశ: ఎప్పుడు, ఏ హక్కుతో

పూత చలికాలం చివర మొదలై ఎండలు ముదిరేలోగా ముగుస్తుంది. కాయ పండేది నైరుతి రుతుపవనాల్లో, అంటే సుమారుగా జూన్ నుంచి ఆగస్టు, సెప్టెంబరు వరకు. కాయలు సరిగ్గా కుంభవృష్టి రోజుల్లో చేతికి రావడమే ఈ పంటలోని పెద్ద చిక్కు. పొగబెట్టడం అనే పద్ధతి పుట్టడానికి కారణం కూడా అదే.

అడవిలోని కాయ ఎవరిదీ కాదు అనుకోవడం పొరపాటు. అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం తరతరాలుగా చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరిస్తున్న అటవీవాసులకు వాటిపై హక్కు ఉంది. మిగతావారు రిజర్వు అడవిలోకి వెళ్లి సేకరించాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. అభయారణ్యాలు, జాతీయ ఉద్యానాల్లో నిబంధనలు ఇంకా కఠినంగా ఉంటాయి. బయటి నుంచి వచ్చేవారికి సరైన దారి ఒక్కటే: ఆ ఊరి సేకరణదారుల దగ్గర, వారు అడిగిన న్యాయమైన ధరకు కొనుక్కోవడం.

మూడో దశ: కాయలు ఏరడం

తెల్లవారాక చెట్టు కింద పొదలను, ఎండుటాకులను పక్కకు జరిపి, రాత్రి రాలిన పండ్లను ఏరాలి. రోజూ, కనీసం రోజు విడిచి రోజైనా వెళ్లాలి. తడినేల మీద రెండు మూడు రోజులు పడి ఉన్న పండుకు బూజు పట్టి, తొక్క మెత్తబడి, ఎండబెట్టినా నాణ్యత రాదు. పండును వేలితో నొక్కితే కొద్దిగా లొంగాలి కానీ కుళ్లి కారకూడదు.

కొమ్మను ఊపవచ్చా అని చాలామంది అడుగుతారు. పసుపు తిరిగిన పండ్లు మాత్రమే రాలేంత సున్నితంగా, పొడవాటి కర్ర చివర కొక్కెం కట్టి ఊపితే పరవాలేదు. కొమ్మను నరికి కింద పడేసి కోసుకోవడం మాత్రం ఎన్నటికీ చేయరాని పని. ఈ పని ఎంత నష్టం చేస్తుందో కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా చూసింది. 1990లలో బరువు తగ్గించే మాత్రల కోసం ఈ తొక్కకు విదేశాల్లో గిరాకీ ఒక్కసారిగా పెరిగినప్పుడు, మరొకరు కోసుకుపోతారన్న భయంతో పచ్చికాయలనే దులిపేశారు. ఎక్కలేని చోట కొమ్మలనే నరికేశారు. పచ్చికాయలో గింజ ముదరదు కనుక అడవిలో కొత్త మొక్కలు మొలవవు. కొమ్మ పోతే ఆ చెట్టు తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక్క తొందరపాటు ఈ ఏడాది సరుకు నాణ్యతను, రాబోయే ఏళ్ల కాపును, రేపటి చెట్టును ఒకేసారి దెబ్బతీస్తుంది.

కింద పడినదంతా ఊడ్చుకురావడం కూడా సరికాదు. పండు లోపలి గుజ్జును కోతులు, పునుగు పిల్లులు తిని గింజలను దూరదూరాలకు చేరవేస్తాయి. ఉత్తర కన్నడలోని అఘనాశిని లోయలో అంతరించిపోతున్న సింహపుతోక సింగళీకాలకు ఇది ముఖ్యమైన ఆహారం. ఆ కోతుల కోసమే అక్కడ 2011లో సంరక్షణ క్షేత్రాన్ని ప్రకటించారు. ప్రతి చెట్టు కిందా నాలుగో వంతు పండ్లయినా వదిలి రావాలన్నది నా అభిప్రాయం. దీనికి చట్టం అక్కరలేదు, మనసుంటే చాలు.

నాలుగో దశ: కడగడం, విడదీయడం

ఏరి తెచ్చిన పండ్లను రెండు మూడు నీళ్లలో మట్టి పోయేలా కడిగి, నీరు ఓడేదాకా బుట్టలో ఉంచాలి. తరువాత చాలు వెంట కత్తిమొన గుచ్చి కొంచెం మెలితిప్పితే తొక్క పలకలుగా, తామర రేకుల్లా విడిపోతుంది. లోపల తెల్లటి లేదా లేత ఎరుపు గుజ్జులో ఆరు నుంచి ఎనిమిది గింజలు వరుసగా పొదిగి ఉంటాయి. గుజ్జును ఆ పూటే తినవచ్చు, పులుపు మీద కొంచెం తీపి తగులుతుంది. కత్తి అంచుకూ వేళ్లకూ పసుపు జిగురు పట్టుకుంటుంది. అది నీళ్లకు లొంగదు కనుక పని మొదలుపెట్టే ముందే చేతులకు కొబ్బరినూనె రాసుకోవాలి. ఇనుప కత్తి కంటే తుప్పు పట్టని స్టీలు కత్తి మేలు, పులుపుకు ఇనుము నల్లబడి తొక్కకు వాసన అంటుతుంది.

గింజలను పారేయకూడదు. కొన్నిటిని మొలకకు దాచి, మిగిలినవాటిని ఆరబెట్టాలి. గింజ పప్పులో దాదాపు మూడో వంతు కొవ్వు ఉంటుంది. ఉత్తర కన్నడ పల్లెల్లో ఎండిన గింజలను దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన కొవ్వును తీసి చల్లారిస్తే గడ్డకట్టే నెయ్యి తయారవుతుంది. దానిని ఉప్పగె తుప్ప అంటారు, అంటే ఉప్పగె నెయ్యి. వంటకూ, పగిలిన మడమలకూ వాడతారు.

ఐదో దశ: ఆరబెట్టడం, పొగబెట్టడం

ఇక్కడ తొందరపడితే అంతవరకు చేసిన శ్రమ వృథా అవుతుంది. పచ్చి తొక్కలో అత్యధిక భాగం నీరే. ఆ నీరు నిదానంగా, ఆగకుండా పోవాలి. మధ్యలో ఒక రాత్రి ఉక్కలో వదిలేసినా బూజు మొదలవుతుంది.

వాన తెరిపి ఇచ్చి ఎండ కాస్తే, తొక్క పలకలను చాపలు లేదా తడికల మీద ఒకదానిపై ఒకటి పడకుండా, లోపలి వైపు పైకి ఉండేలా పరచి రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. సాయంత్రం కాగానే ఇంట్లోకి తీయాలి. పలక అంచులు ముడుచుకుని, రంగు పసుపు నుంచి గోధుమకు తిరిగితే మొదటి భాగం పూర్తయినట్టు. ఎండ అసలు రాని వారాల్లో నేరుగా పొగకు ఎక్కించాలి.

పొయ్యికి పైన, మంట నాలుకలు అందనంత ఎత్తులో, వెదురు తడికను నాలుగు కర్రల మీద నిలపాలి. తడిక మీద పలకలను పలుచగా పరచాలి. కింద మంట పెద్దది కాకూడదు. పాలను దాలిలో కాచినట్టు, సన్నని సెగ గంటల తరబడి నిలకడగా ఉండాలి. ఎండిన కట్టెలు, కొబ్బరి చిప్పలు అనువైనవి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ అంటిన చెత్త వంటివి పొరపాటున కూడా వేయకూడదు, ఆ విషపు పొగ నేరుగా తినే వస్తువుకు పడుతుంది. రోజుకు రెండుసార్లు పలకలను తిరగేయాలి. అంచున ఉన్నవి మధ్యకు, మధ్యవి అంచుకు మార్చాలి. పొగ పట్టేకొద్దీ రంగు గోధుమ నుంచి ముదురు గోధుమకు, ఆపై నలుపుకు మారుతుంది.

పొయ్యికి బదులు విద్యుత్ డ్రయ్యర్ ఉన్నవారు 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టుకోవచ్చు. ఇలా చేసినది శుభ్రంగా, సమానంగా ఎండుతుంది కానీ పొగవాసన ఉండదు. చేపల పులుసుకు ఆ పొగవాసనే ప్రాణం అనుకునేవారు చివరి ఒక రోజు మాత్రం తడికకు ఎక్కించవచ్చు. ఇది నేను మనసారా సిఫారసు చేసే పద్ధతి, ఎందుకంటే తెరిచిన పొయ్యిల మీద తొక్క ఆరబెట్టడానికి కట్టెలు విపరీతంగా ఖర్చవుతాయి. ఆ కట్టెలు మళ్లీ అదే అడవి నుంచి రావాలి.

సరిగ్గా ఎండిందో లేదో తెలుసుకోవడానికి ఒక పలకను రెండు వేళ్లతో వంచి చూడాలి. తోలులా వంగి, విరగకుండా, వేలికి తడి తగలకుండా ఉంటే పని అయినట్టు. పటుక్కున విరిగితే ఎక్కువ ఎండింది, మధ్యలో మెత్తగా నొక్కుకుపోతే ఇంకా లోపల నీరు ఉంది.

ఆరో దశ: ఉప్పు, నూనె, జాడీ

ఎండిన కిలో తొక్కకు 150 గ్రాముల ఉప్పు, 50 మిల్లీలీటర్ల కొబ్బరినూనె కలిపి, ప్రతి పలకకూ పట్టేలా చేత్తో రుద్దాలి. ఉప్పు బూజును అడ్డుకుంటుంది. నూనె పలకను మెత్తగా ఉంచి పురుగును దూరం చేస్తుంది. కళ్లుప్పు వాడేవారు దానిని ముందుగా దంచుకోవాలి. తరువాత పింగాణీ లేదా గాజు జాడీలో అదిమి నింపి, గాలి చొరకుండా మూత బిగించాలి. ఆవకాయ జాడీకి పాటించే నియమాలన్నీ దీనికీ వర్తిస్తాయి: తడి చెయ్యి పెట్టకూడదు, తడి గరిటె ముంచకూడదు. ఇలా నిల్వ చేసినది ఏళ్లపాటు ఉంటుంది.

కొన్నాళ్లకు పలకల మీద తెల్లని పొర కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, పరీక్షించాలి. ఒక పలకను నీళ్లలో ముంచితే కరిగిపోయేది ఉప్పు. నూగులా అంటుకుని, ముక్కవాసన కొట్టేది బూజు. బూజు పట్టినదానిని కడిగి వాడే ప్రయత్నం చేయకుండా పారేయాలి. బజారులో కొనేటప్పుడూ ఇదే పరీక్ష చేయాలి. మంచి సరుకు నల్లగా నిగనిగలాడుతూ, వంచితే వంగుతూ, పుల్లని పొగవాసన వేస్తుంది.

కర్ణాటకలోని కొడగు (కూర్గ్) ప్రాంతంలో తొక్కను ఎండబెట్టడం కంటే రసం తీయడం ఎక్కువ. పండ్లను బుట్టలో పోగుపోసి, వాటి నుంచి కారే రసాన్ని కింద గిన్నెలో పట్టి, నల్లగా చిక్కబడేదాకా కాస్తారు. కాచంపులి అనే ఈ ద్రవం అక్కడి కొడవ తెగవారి పంది కూరకు తప్పనిసరి.

ఏడో దశ: వంటలో వాడకం

అర కిలో చేపలకు మూడు నాలుగు పలకలు సరిపోతాయి. వాటిని కడిగి, పావు గంట నుంచి ఇరవై నిమిషాలు గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఆ నీటితో సహా పులుసులో వేయాలి. చింతపండులా పిసకనక్కరలేదు. పలక ఉడికేకొద్దీ పులుపు నిదానంగా దిగుతుంది కనుక మొదటి ఉడుకులోనే రుచి చూసి పులుపు చాలలేదని మరో రెండు పలకలు వేయడం కొత్తవారు చేసే తప్పు. కోరుకున్న పులుపు రాగానే పలకలను ఏరి తీసేయవచ్చు. చింతపులుసులో ఈ వెసులుబాటు లేదు. మత్తి, కానాగంత వంటి నూనె చేపల నీచువాసనను ఇది చక్కగా అణచుతుంది. మట్టిపాత్ర శ్రేష్ఠం, స్టీలు ఫరవాలేదు. అల్యూమినియం, ఇనుప పాత్రలను పులుపు తినేస్తుంది కాబట్టి వాడకూడదు. పులుసును రాత్రి వండి మర్నాడు తింటే రుచి కుదురుతుంది.

మాత్రల సంగతి

ఈ తొక్కలోని ప్రధాన ఆమ్లం హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లమని 1965లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు చెందిన లూయిస్, నీలకంఠన్ నిర్ధారించారు. శరీరంలో కొవ్వు తయారీకి తోడ్పడే ఒక ఎంజైమును అది అడ్డుకుంటుందని తరువాత తేలడంతో బరువు తగ్గించే మాత్రల వ్యాపారం మొదలైంది. అయితే 1998లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడిన పరీక్షలో, 135 మందిని 12 వారాలు గమనించగా, ఉత్తుత్తి మాత్ర మింగినవారి కంటే దీనిని మింగినవారు అదనంగా బరువు తగ్గిందేమీ కనిపించలేదు. ఈ సారం ఉన్న మాత్రలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పులుసులో వేసే రెండు పలకలు వేరు, గాఢంగా తీసిన సారం వేరు. కాలేయ వ్యాధి, మధుమేహం ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా ఆ మాత్రల జోలికి పోకూడదు.

ఎనిమిదో దశ: మొక్కను పెంచడం

అడవి మీద భారం తగ్గాలంటే పెరట్లో, తోటలో పెంచుకోవడమే మార్గం. తడి వాతావరణం, నీరు నిలవని నేల, మొదటి కొన్నేళ్లు కొంత నీడ దీనికి కావాలి. కొబ్బరి, పోక తోటల్లో అంతరపంటగా బాగా వస్తుంది. పొడి గాలులు, తీవ్రమైన వేసవి ఉన్న చోట నాటి నిరాశ పడవద్దు.

గింజతో పెంచదలచినవారు రాలిన పండు గింజనే, గుజ్జు కడిగిన వెంటనే, ఎండబెట్టకుండా నాటాలి. ఎండితే మొలిచే శక్తి పోతుంది. మామూలుగా నాటితే మొలక రావడానికి ఐదు నుంచి ఏడు నెలలు పడుతుంది. పప్పుకు గాయం కాకుండా పైపెంకును గోటితో జాగ్రత్తగా వలిచి నాటితే అంతకంటే చాలా ముందుగా మొలుస్తుంది. అయినా గింజ మొక్కతో రెండు కష్టాలున్నాయి. కాపుకు పదేళ్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. అప్పటికి గానీ అది ఆడదో మగదో తెలియదు. మొలిచినవాటిలో సగం మగవి కావడం మామూలే.

అందుకే బాగా కాసే ఆడచెట్టు కొమ్మతో కట్టిన అంటుమొక్క మేలు. అంటు మూడో ఏట నుంచి కాపు మొదలుపెడుతుంది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం అమృతం, హరితం అనే రకాలను విడుదల చేసింది. 75 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గల గుంట తీసి, మేలుమట్టి, పశువుల ఎరువు కలిపి నింపి, తొలకరి వానల్లో నాటాలి. అంటుమొక్కల మధ్య 4 మీటర్లు, గింజ మొక్కల మధ్య 7 మీటర్ల ఎడం ఉంచాలి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోకూడదు, దాని కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. మొదటి ఏడు మొక్కకు 10 కిలోల పశువుల ఎరువు వేసి, ఏటేటా పెంచుతూ పదిహేనో ఏటికి 50 కిలోలకు చేర్చాలి.

పొడవైన చెట్టు కావాలా, పొట్టిగా గుబురుగా ఉండేది కావాలా అన్నది అంటు కొమ్మను బట్టి ఉంటుంది. నిట్టనిలువుగా పెరిగే రెమ్మతో కట్టినది నిలువుగా పోతుంది, పక్కకు సాగే రెమ్మతో కట్టినది పక్కలకే విస్తరిస్తుంది. నర్సరీలో ఈ ప్రశ్న అడిగి మరీ తీసుకోవాలి. ఇంటి పెరటికి పక్కలకు సాగేదే అనువు. కొమ్మలు చేతికందేంత ఎత్తులో ఉంటాయి, పండిన కాయ నేలకు తగిలి చితికిపోకుండా కింద పరచిన గోనెపట్టా మీదికి మెత్తగా రాలుతుంది.